ఎంగిలి నీళ్లు

డిసెంబరు రెండో ఆదివారం. చిల్లకల్లు దగ్గర హైవే పక్కనున్న టిఫిన్ హోటలు ముందు పాతిక మోటార్‌సైకిళ్లు బారుగా నిలబడి ఉన్నాయి. వాటిని తోలుకొచ్చినవాళ్లు లోపల కూర్చుని ఇడ్లీలు తింటున్నారు. బయట పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, రోడ్డు మీద లారీలు పోతున్న చప్పుడే గాని లారీలు కనబడటం లేదు.

కిషోర్‌బాబు మూల బల్ల దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. నందిగామలో వాళ్లకు పురుగుమందుల కొట్టుంది, ఊరి చుట్టూ పొలాలున్నాయి. మట్టిదారుల్లో, రాళ్లలో, వాగుల్లో బండి తోలే ఈ పోటీకి రావడం అతనికిది నాలుగోసారి. ఈసారి రావాలని లేదు. రాకపోతే ఎవరన్నా ఏమన్నా అనుకుంటారని వచ్చాడు.

పోటీ నడిపే డేవిడ్‌రాజు మాస్టారు టీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయిన మనిషి.

"రూల్సు మీకు తెలిసినవే," అన్నాడు. "రెండు రౌండ్లు. నిమిషానికో బండి వదులుతాం. ముందువాడు పడితే వెనకొచ్చేవాడు ఆగాలి. ఆగిన టైం తీసేస్తాం, దానికి దిగులక్కర్లేదు. పడ్డవాణ్ణి చూసీ చూడనట్టు పోయినవాడు కప్పు గెలిచినా నా దృష్టిలో మనిషి కాదు." గొంతు తగ్గించి అన్నాడు. "మన బెన్ని ఉంటే ఈ మాట నేను చెప్పాల్సిన పనే లేదు."

అందరూ తలలు దించుకున్నారు. కిషోర్‌బాబు కూడా దించుకున్నాడు. సగం తిన్న ఇడ్లీ పళ్లెం పక్కకు జరిపాడు.

బెన్నిది వత్సవాయి. మెకానిక్కు. తుక్కులో కొన్న పాత బండిని తనే బాగుచేసుకుని పోటీకి తెచ్చేవాడు. ఒక్కసారీ గెలవలేదు. దారిలో ఎవడు పడినా ఆగేవాడు మరి. వీపు సంచీలో ప్లగ్గులు, లివర్లు, బ్యాండేజీ గుడ్డ, నీళ్ల సీసా ఉండేవి. పడ్డవాణ్ణి లేపి, బండి స్టార్టు చేసిచ్చి, "ముందు మీరెళ్లండి, నేను వెనకే వస్తా" అనేవాడు.

రెండేళ్ల కింద పోటీలో మిట్టమధ్యాహ్నపు ఎండకు కిషోర్‌బాబు కళ్లు తిరిగి చెట్టు కింద కూలబడితే, బెన్ని తన సీసా మూతి చొక్కాకు తుడిచి అందించాడు. కిషోర్‌బాబు మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఎంగిలి నీళ్లు నాకు పడవులే. కారులో ఉన్నాయి," అన్నాడు. బెన్ని నవ్వి మూత పెట్టేసుకున్నాడు. సంగతి ఒక్క ఎంగిలి గురించే కాదని ఇద్దరికీ తెలుసు.

ఇక పోయినేడాది జరిగింది కిషోర్‌బాబు ఒక్కడికే తెలుసు.

పాడుబడ్డ సున్నపురాయి క్వారీ అంచున మలుపు. కింద గుంట. చికెన్ కొట్లవాళ్లు రాత్రుళ్లు వచ్చి ఈకలు, పేగులు, తలకాయలు అందులో పారబోసి పోతారు. వాన నీళ్లతో కలిసి అదంతా బూడిదరంగు జావలా పులిసిపోయి ఉంది. ఆ జావలో బెన్ని బోర్లా పడి ఉన్నాడు, నడుం మీద బండి. మోకాలి లోతు కూడా లేదు. చెయ్యొకటి పైకి లేచి ఉంది. దానికి తెల్లటి ఈకలు అంటుకుని ఉన్నాయి. వేళ్లు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి.

కిషోర్‌బాబు ఆగాడు. ఆగాడన్నది నిజమే. బండి దిగి రెండడుగులు వేశాడు. ఆ వాసన మొహానికి కొట్టింది. అందులో దిగడమా? అందులో చేతులు పెట్టడమా? వెనక ఎవరన్నా వస్తారులే అనుకున్నాడు. ఆ రోజు ఆఖరి నంబరు తనదేనని, వెనక ఎవరూ లేరని తెలిసే అనుకున్నాడు. బండెక్కి పోయాడు. తర్వాత అందరి ముందూ, "మంచులో ఏమీ కనబడలేదు మాస్టారూ," అన్నాడు. సంతాపసభలో మైకు పట్టుకుని మాట్లాడాడు కూడా. ఆ మాటలు తల్చుకుంటే ఇప్పటికీ తన నాలుక మీద తనకే రోత.

ఈ ఏడాది దారి మార్చారు. క్వారీ వైపు పోనే పోరు. అది విన్నాకే కిషోర్‌బాబు హెల్మెట్ పెట్టుకున్నాడు.

మొదటి రౌండు బాగానే సాగింది. రెండో రౌండులో, ఏరి వదిలేసిన పత్తి చేలో పోతుండగా ముందు చక్రం గాడిలో దిగి బండి తిరగబడింది. కళ్లు తెరిచేసరికి నేల మీదున్నాడు. కుడికాలు బండి కింద. కాలుతున్న సైలెన్సర్ పిక్కకు ఆనుకుని ఉంది. ప్యాంటు మాడిన కంపు. లాక్కుందామంటే కాలు రావడం లేదు.

"ఎవరన్నా ఉన్నారా..." అని కేకేశాడు. తన వెనక రావాల్సింది ఇంకొక్క బండే. చుట్టూ మంచు. పత్తి మోళ్ల మీంచి చుక్క చుక్కగా నీళ్లు రాలుతున్న చప్పుడు.

ఎంతసేపటికో ఒక బండి వచ్చింది. పాత ఇంజను, దగ్గుతున్నట్టుంది. పదిగజాల అవతల ఆగింది. స్టాండు వేసిన చప్పుడు. ప్రాణం లేచొచ్చింది అతనికి.

"ఇటు... ఇటు రండి."

అడుగులు దగ్గరికొస్తున్నాయి. చిత్... చిత్... చిత్. బురదలో నడుస్తున్న అడుగులు.

చేలో నేల ఎండి గట్టిగా ఉంది.

అప్పుడొచ్చింది వాసన. పులిసిన నెత్తురు... తడి ఈకలు... ఏడాదిగా ముక్కులోంచి పోని వాసన.

"కదలకండి కిషోర్‌ గారూ," అంది గొంతు, మెల్లగా. "కాలు తీస్తా."

హెల్మెట్ అద్దం వెనక మొహం కనబడలేదు. లోపల సగం దాకా బూడిదరంగు జావ నిండి ఉంది. మాట్లాడినప్పుడల్లా అందులో బుడగలు లేస్తున్నాయి. అతను వంగి బండి లేపాడు. ఒడుపుగా, కాలికి నొప్పి తగలకుండా. క్లచ్ లివర్ విరిగిందని చూసి వీపు సంచీ దించాడు. పని చెయ్యడానికి గ్లవ్ లాగాడు. దాంతో పాటు చేతి తోలూ ఊడొచ్చింది... నానిన కాగితంలా. అతను పట్టించుకోలేదు. ఆ చేత్తోనే స్పానర్ పట్టుకుని కొత్త లివర్ బిగించాడు. స్పానర్ తిప్పినప్పుడల్లా ఏదో జిగట హ్యాండిల్ మీదుగా జారి కిషోర్‌బాబు మోకాలి మీద పడుతోంది.

కిషోర్‌బాబు అరవలేకపోయాడు. నోరు తెరిస్తే ఆ వాసన లోపలికి పోతుంది.

పనయ్యాక అతను పక్కన గొంతుక్కూర్చుని, కిషోర్‌బాబు హెల్మెట్ మెల్లగా తీసి పక్కన పెట్టాడు. సీసా తీశాడు. మూతిని చొక్కాకు శ్రద్ధగా తుడిచాడు. రెండో చెయ్యి కిషోర్‌బాబు తల కింద పెట్టి, దెబ్బ తగిలినవాణ్ణి లేపినట్టు, సుతారంగా ఎత్తాడు. చల్లటి వేళ్లు జుట్టులోకి మెత్తగా దిగబడ్డాయి.

"తాగండి. నోరెండిపోయుంటుంది."

కిషోర్‌బాబు పళ్లు బిగించాడు.

"ఎంగిలి కాదండి," అంది ఆ గొంతు. "నేను తాగి ఏడాదైంది."

సీసా పెదాల మీదికొచ్చింది... గోరువెచ్చగా... చిక్కగా... నాలుక మీద ఒక ఈక అడ్డం పడింది. ఊసేద్దామనుకున్నాడు. గొంతు దానంతటదే మింగింది. ఒక గుటక. ఇంకో గుటక. సీసా ఖాళీ అయ్యేదాకా ఆ చెయ్యి అతని తల దించలేదు.

"ముందు మీరెళ్లండి," అన్నాడు బెన్ని. "నేను వెనకే వస్తా."

ఎలా ఎక్కాడో, ఎలా తోలాడో కిషోర్‌బాబుకు గుర్తులేదు. ముగింపు గీత దాటగానే బండి వదిలేసి నేల మీద పడి కక్కుకున్నాడు. డేవిడ్‌రాజు మాస్టారు పరిగెత్తుకొచ్చి వీపు నిమిరాడు. కక్కిందంతా తేటనీళ్లు. వాసన లేదు, ఈక లేదు. కడిగిన గాజులా తేటగా ఉన్నాయి.

పది నిమిషాలకు జాయిస్ వచ్చింది. జగ్గయ్యపేటలో నర్సింగ్ చదువుతున్న పిల్ల, మొదటిసారి పోటీకొచ్చింది. ఒళ్లంతా మట్టి, మొహం నిండా నవ్వు.

"పత్తి చేలో చైనూడిపోయింది మాస్టారూ. ఒకాయన ఆగి వేసిచ్చాడు. ఎంత మంచోడో. నా చేతులు గడ్డకట్టుకుపోతే తన చేతుల్లో పెట్టి వెచ్చబరిచాడు. నీళ్లిచ్చాడు. కుండలో నీళ్లలా తియ్యగా ఉన్నాయి."

"అతని నంబరెంతమ్మా?" అడిగాడు మాస్టారు.

"నంబరేం లేదండి. ముందు మీరెళ్లండి, వెనకే వస్తానన్నాడు."

మాస్టారు మంచులోకి చూస్తూ నిలబడిపోయాడు. జాయిస్ వెనక రావాల్సిన బండి ఒక్కటీ లేదు. అతని చెయ్యి ఇంకా కిషోర్‌బాబు వీపు మీదే ఉంది.

"మాస్టారూ," అన్నాడు కిషోర్‌బాబు నేలను చూస్తూ. "పోయినేడు నేను చూశాను. గుంటలో. చెయ్యి ఊపుతున్నాడు. కంపు కొడుతోందని... దిగలేదు."

మాస్టారు అతని వీపు మీంచి చెయ్యి తీసేశాడు. జేబులోంచి రుమాలు తీసి ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"వాళ్లమ్మ ఆరోగ్యమ్మకు నువ్వే చెప్పాలి," అన్నాడు. "నేను చెప్పను. ఆ మాట నా నోటితో రాదు."

చెబుతానన్నాడు కిషోర్‌బాబు. సోమవారం పోలేదు. మంగళవారమూ పోలేదు. బుధవారానికి మంచం పట్టాడు. కాలిన గాయం మానుతూనే ఉంది గాని, నీళ్లు ముట్టుకోవడం లేదు. గ్లాసు చూస్తే డోకు. డాక్టరు ఇంటికే వచ్చి సెలైన్ పెట్టి, భయపడ్డాడంతే, కాస్త కాస్తగా తాగించమని చెప్పి పోయాడు.

గురువారం మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. భార్య ఉషశ్రీ కాచి చల్లార్చిన నీళ్లు తెచ్చింది.

"రెండు గుక్కలు చాలండి. తల కాస్త ఎత్తండి," అంది.

వద్దని చెబుదామనుకున్నాడు. ఒంట్లో ఓపిక లేదు. మెడ కదపలేదు.

తల మెల్లగా దిండు మీంచి లేచింది. సుతారంగా, గ్లాసుకు సరిపడా ఎత్తు లేచి, అక్కడ ఆగింది.

"అదీ, అలాగ," అంది ఉషశ్రీ, గుండె కుదుటపడినట్టు.

కిషోర్‌బాబు ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె రెండు చేతులూ ఎదురుగానే ఉన్నాయి. ఒకదాంట్లో గ్లాసు. ఇంకోదాంట్లో తువ్వాలు.