చారల చేపల చోటు

మా సరస్సు మీద మర్యాద ఒక్కటే: పక్కవాడు నీళ్లలో వేసిన చేపల బుట్ట ముట్టుకోకూడదు. హెల్కా సెలవులకు తాతింట్లో దిగిన మర్నాడు పొద్దున్నే ముట్టుకుంది.

“ఏవండీ, అది నా బుట్ట!” రెల్లు చాటునుంచి అరిచాడు ఆర్నీ. అవతలి ఒడ్డున పడవలు చేసే కుర్రాడు.

“మా కౌకో తాతదనుకున్నా!”

“మీ తాత బుట్టలో చేపలుండవు. అదే గుర్తు.”

జూన్‌లో మొదలైన ఆ గొడవ ఆగస్టుకల్లా రోజూ సాయంత్రం పడవ షికారైంది. “పడవలో పడవు, రా” అని ఎక్కించుకున్నవాడు తానే పడ్డాడు. తెడ్లు వేసేవాడు వెనక్కి తిరిగి కూర్చోవాలి కాబట్టి ఎదురుగా ఉన్న పిల్లను చూడక తప్పదు. చూశాడు. సరస్సంతా చూశాడు కానీ సరసం ఒక్క ముక్కా ఆడలేదు.

హెల్కా ఔలు పట్నంలో, వేసవంతా మూసేసే ఓ పళ్ల డాక్టరు దగ్గర నర్సు. ఎందరిచేతో నోరు తెరిపించింది గానీ, వీడి దగ్గర ఓడిపోయింది.

తాత గోల వేరు. “ఆర్నీ వాళ్లకి చారల చేపల చోటొకటి ఉందే. నలభై ఏళ్లుగా వెతుకుతున్నా. ఇంట్లోవాళ్లకి తప్ప చెప్పరు. వాళ్లమ్మకి కూడా పెళ్లయ్యాకే చెప్పారు! మెల్లగా అడగవే.”

“నేనడగను తాతా.”

సెలవులు అయిపోయాయి; మర్నాడు మధ్యాహ్నమే ఔలు బస్సు. ఇవాళ కూడా వీడు మాట్లాడకపోతే మళ్లీ ఈ సరస్సు మొహం చూడను అనుకుంటూ హెల్కా పడవెక్కింది.

సన్నగా వాన. ఆర్నీ దీవి దాటించి తెడ్లు ఆపాడు.

“చీలిన పైన్ చెట్టూ, మా షెడ్డు ఎర్ర కప్పూ ఒకే గీతలోకి రావాలి.” ఆ వేసవిలో అతను మాట్లాడిన అతి పొడుగు వాక్యం. “ఇక్కడే.”

“ఏంటి ఇక్కడ?”

“చారల చేపలు.”

హెల్కా ముందుకు వంగింది. “ఇది మీ ఇంట్లోవాళ్లకే కదా చెప్తారు?”

“ఊఁ.”

“మరి నాకెందుకు చెప్తున్నావ్?”

“అందుకే.” చెవులు షెడ్డు కప్పుకన్నా ఎర్రగా అయ్యాయి.

“మహానుభావా! ఇది చెప్పడానికి వేసవంతా కావాలా?”

“గట్టిగా అరవకు. చేపలు పోతాయి.”

హెల్కా నవ్వుతూ గాలం వేసింది. నవ్వినా చేపలు పోలేదు.

బకెట్ నిండా చేపలతో ఒడ్డెక్కేసరికి తాత కళ్లు బకెట్టంత అయ్యాయి. “ఎక్కడే? ఎక్కడ పట్టారే?”

హెల్కా చిన్నప్పటినుంచీ తాత దగ్గర ఏదీ దాచలేదు. ఆర్నీ తన చెప్పుల వైపు చూస్తున్నాడు.

“ఏమో తాతా. వానలో సరిగ్గా చూళ్లేదు.”

తాత మనవరాలిని చూశాడు, కుర్రాడిని చూశాడు. లోపలికెళ్లి మూడో కప్పు తెచ్చి కాఫీ పోశాడు.

“కూర్చోవయ్యా. పోన్లే, మునిమనవడైనా చెప్తాడేమో నాకు.”