మడపాయలో అష్టదిగ్బంధనం

మిట్టమధ్యాహ్నం...!

దయ్యాలు అర్ధరాత్రే లేస్తాయని ఎవరన్నా చెబితే నమ్మకండి. నీడ కాళ్ళ కిందికి ముడుచుకుపోయి, మనిషికి తన నీడ కూడా తోడు రాని వేళ ఒకటుంది. కాళరాత్రికన్నా ఘోరమైన వేళ అది! 2003 మే నెల. వడగాడ్పులకు జనం పిట్టల్లా రాలిపోతున్న ఆ వేసవిలో, ఒక మంగళవారం, సరిగ్గా ఆ వేళకే నిజాంపట్నం అవతల సముద్రపు పాయలో ఒక పడవ లంగరు వేసింది.

ఆ పాయకు మూడు వైపులా మడ అడవి. దక్షిణాన ఒక్కచోటే సముద్రంలోకి తెరుచుకుంటుంది. గాలి లోపలికి రాదు, అల లేవదు, నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. వేసవి వచ్చిందంటే గుంటూరు నుంచీ చిలకలూరిపేట నుంచీ కుటుంబాలు కుటుంబాలే పడవలెక్కి షికారుకొస్తాయి. లంగరు వేసుకుని, పులిహోర పొట్లాలు విప్పుకుని, టేపురికార్డరులో పాటలు పెట్టుకుని, పిల్లల్ని నీళ్ళలో దింపి, ఎండ చల్లబడ్డాక వెళ్ళిపోతారు. కానీ ఆ రోజు అక్కడున్న రెండు షికారు పడవలూ ఈ పడవను చూడగానే ఇంజన్లు వేసుకుని తిరుగుముఖం పట్టాయి. ఎందుకు పట్టవు? ఈ పడవ ముందు భాగాన జుట్టు విరబోసుకుని కూర్చున్న ఆడమనిషి, గాండ్రిస్తున్నట్టు మగగొంతుతో నవ్వుతోంది!

ఆమె పేరు లక్ష్మీదుర్గ. నల్లపాడు దగ్గర మిరప రైతు త్రినాథ్ భార్య. మాఘమాసంలో కళ్ళంలో మిరపకాయలు ఎండబోసిన రోజున ఎవడో భిక్షకుడు వచ్చి పిడికెడు కాయలడిగాడు. ఆమె చాటలో పోసి ఇచ్చింది. ఆ చాటకు చిక్కిన ఆమె తలవెంట్రుకను వాడు వేలికి చుట్టుకోవడం ఎవరూ చూడలేదు. ఆ రాత్రి నుంచే ఆమెకు మాట పడిపోయి, లోపలి నుంచి వేరే గొంతు పలకడం మొదలైంది. దిష్టి తీసి నిప్పుల్లో గుప్పెడు ఎండుమిరపకాయలు పోస్తే ఇంట్లో ఒక్కరికీ దగ్గు రాలేదు... గొంతు మండించే కోరు రాలేదు! మిరపకాయ కోరు చచ్చిపోయిందంటే ఇంట్లో ఏదో దిగిందని ఆ పల్లెల్లో పసిపిల్లకు కూడా తెలుసు.

వెంట్రుక పట్టుకుపోయినవాడే వారం తిరక్కుండా నుదుట నల్లబొట్టు పెట్టుకుని మంత్రగాడిగా తిరిగొచ్చాడు. వాడే భూతాల పేరయ్య! దురాత్ముడు... పన్నిన ఉచ్చులోకి తానే వైద్యుడై వచ్చిన కిరాతకుడు! తీపినీళ్ళూ ఉప్పునీళ్ళూ కలిసేచోట ఒక జలపిశాచి ఉందనీ, దానికి నిండుప్రాణం బలి ఇచ్చినవాడికి అది జన్మాంతం ఊడిగం చేస్తుందనీ వాడి గురువు చెప్పి చచ్చాడు. మూడు నెలలు తాయెత్తులతో గడిపి, పేరయ్య త్రినాథ్‌కు మాత్రం, "నల్లకోడిని బలిచ్చి దయ్యాన్ని నీళ్ళలోకి దింపేస్తాను. నీ పెళ్ళాం చక్కగా ఇంటికొస్తది" అన్నాడు. భార్యంటే ప్రాణం పెట్టే మనిషి త్రినాథ్. నమ్మి, నిజాంపట్నంలో సిలార్ అనేవాడి పడవ మాట్లాడాడు.

లంగరు నీళ్ళలో పడగానే పేరయ్య సంచిలోంచి ఎనిమిది ఇనుపమేకులు తీసి పడవ అంచున ధనధనా దిగ్గొట్టడం మొదలెట్టాడు.

"ఓ సామీ! ఏందది, నా పడవకి మేకులు కొడతావేంది!" అంటూ ఇంజను దగ్గర నుంచి లేచాడు సిలార్. "మొన్ననే తారు పూయించా... నీళ్ళు కారితే ఎవురు చూస్తారు?"

"కూర్చోరా! ఇది అష్టదిగ్బంధనం. పూజ ముగిసేదాకా ఇందులో ఉన్న ప్రాణి ఏదీ దీన్ని దాటి బయటపడలేదు. దాటాలని చూస్తే ఎముకలు నుగ్గవుతాయి!"

తూర్పున ఇంద్రుడి పేరు చెప్పి ఒక మేకు, ఆగ్నేయాన అగ్ని పేరు చెప్పి ఒకటి... అలా ఎనిమిది దిక్కులూ బిగించాడు. దక్షిణం అంటే యముడి దిక్కు. సముద్రం వైపు తిరిగి ఉన్న పడవ ముక్కున లక్ష్మీదుర్గను కూర్చోబెట్టాడు. తాను ఉత్తరాన, వెనక కొసన పద్మాసనం వేశాడు. ఎదుట పుర్రె... పక్కనే బుట్టలో కాళ్ళు కట్టిన నల్లకోడి. పుర్రె కంటిగుంటల్లో కుంకుమ కూరి, ఎర్రబడ్డ కళ్ళతో త్రినాథ్‌ని చూశాడు.

"ఒరేయ్! నేను కళ్ళు తెరిచేదాకా ఒక్క మాట వినబడకూడదు. నోరు విప్పినవాడు అక్కడికక్కడే రక్తం కక్కుకుని చస్తాడు. నువ్వైనా సరే... ఆ పడవవాడైనా సరే!"

సిలార్ లోపల్లోపలే అల్లాను తలుచుకుని, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"ఓం... హ్రాం... హ్రీం... ఘోరరూపిణీ! జలవాసినీ! కరాళదంష్ట్రే! రా... రా...!"

మడ అడవిలో పట్టపగలు గుడ్లగూబ కూసింది! మబ్బుతునక లేని ఆకాశంలో ఉరుము ఉరిమింది! బురదలో పాకే ఎండ్రకాయలన్నీ ఒక్కసారిగా బొరియల్లో దూరాయి. పుర్రె దవడలు టకటకా కొట్టుకున్నాయి. లక్ష్మీదుర్గ మెడ వెనక్కి విరిగినట్టు వాలిపోయింది. ఆమె గొంతులోంచి ఆర్తనాదం వెలువడింది.

పేరయ్య కళ్ళు మూసుకునే చేతులు చాచి, గొంతెత్తి ప్రతిజ్ఞ చేశాడు.

"దక్షిణాన కూర్చున్న ప్రాణం నీది! ఉత్తరాన కూర్చున్నవాడు నీ యజమాని! ఇది తిరుగులేని మాట... తీసుకో! తీసుకుని నాకు దాసివి కా!"

త్రినాథ్ బుట్ట వైపు చూశాడు. కోడి ఉత్తరాన ఉంది... పేరయ్య పక్కన! దక్షిణాన ఉన్నది తన భార్య!

అయ్యో...! అప్పుడు తెలిసింది ఆ వెర్రివాడికి! బలి కోడి కాదు. సగం లేచాడు. "ఆపరా!" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎదుట పుర్రె గిర్రున తిరిగి తన వైపే చూసింది. కుంకుమ చెమ్మగిల్లి దాని దవడ మీదుగా నెత్తురులా కారింది. రక్తం కక్కుకుని చస్తాడన్న మాట చెవుల్లో గింగురుమంది. త్రినాథ్ మళ్ళీ కూర్చున్నాడు.

మంత్రం సాగుతూనే ఉంది. కాసేపటికి సిలార్ కళ్ళు మెల్లగా పెద్దవయ్యాయి. అతను చూస్తున్నది పుర్రెను కాదు, లంగరు తాడును.

పోటు ఆగిపోయింది. ఇంతసేపూ సముద్రం నుంచి పాయలోకి ఎక్కిన నీళ్ళు, ఇప్పుడు పాయలోంచి సముద్రానికి దిగడం మొదలెట్టాయి. లంగరు ముక్కున వేసిన పడవ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగానే ముక్కు పెడుతుంది. నీళ్ళు తిరిగితే పడవా తిరుగుతుంది. చప్పుడు ఉండదు, కుదుపు ఉండదు. పత్తిచేలల్లో, మెట్టపొలాల్లో, శ్మశానాల్లో మేకులు కొట్టుకుంటూ బతికిన పేరయ్య ఇది ఎన్నడూ ఎరగడు! నేల మీద దిక్కు ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. వాడి గురువు కూడా నేల మీదే చచ్చాడాయె!

పడవ నెమ్మదిగా... నెమ్మదిగా... తిరిగింది.

సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. నీడలు కదల్లేదు. పేరయ్య రెప్పల మీద వెలుగు మారలేదు. చెప్పబోయినవాళ్ళ నోళ్ళు వాడే మూయించాడు. త్రినాథ్ చూస్తుండగా లక్ష్మీదుర్గ వెనక ఉన్న సముద్రం పక్కకు జరిగి, ఆ చోటికి మడ చెట్లు వచ్చాయి. సముద్రం మెల్లగా మంత్రగాడి వీపు వెనక్కి చేరింది.

అప్పుడు... పాయ ముఖద్వారం దగ్గర నీళ్ళు నల్లగా ఉబ్బాయి! కుళ్ళిన చేపల కంపు గుప్పుమంది. ఆటుకు ఎదురీదుతూ ఒక నల్లటి చార పడవ వైపు బాణంలా దూసుకొచ్చింది.

"వచ్చావా తల్లీ!" అని వికటాట్టహాసం చేస్తూ పేరయ్య కళ్ళు తెరిచాడు.

ఎదురుగా లక్ష్మీదుర్గ అలాగే ఉంది. కానీ ఆమె వెనక... చెట్లు! నేల! వాడి నవ్వు ఆగిపోయింది. సముద్రం ఏది? సముద్రం ఎటు పోయింది?

వీపు మీద చల్లటి తడి తగిలింది.

"కాదు...! నేను యజమానిని! నేను ఉత్తరాన... ఒసేయ్, అది! అదిగో, దాన్ని తీసుకో!"

బురదా నాచూ గడ్డకట్టిన చెయ్యి ఒకటి నీళ్ళలోంచి లేచి వాడి మెడ చుట్టూ పెనవేసుకుంది. పేరయ్య కెవ్వుమని అరుస్తూ పడవలోంచి పక్కకు దూకబోయాడు. తాను కొట్టిన మేకుల బంధనమే గోడై అడ్డుకుంది! ఫెళ్ళున ముంజేయి విరిగింది. మళ్ళీ దూకాడు. పక్కటెముకలు పటపటలాడాయి. "త్రినాథూ! లాగరా నన్ను... నీకు పుణ్యముంటది..." అని ఏడ్చాడు. దక్షిణాన కూర్చున్న ప్రాణం పిశాచిదని వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు కదా! ఇప్పుడు దక్షిణాన ఉన్నది వాడే. పిశాచి పిలిస్తే వచ్చింది, అంతే. పడవను తిప్పింది పిశాచి కాదు, సాక్షాత్తూ సముద్రం! ఏ మంత్రానికీ లొంగని ఆ మహాశక్తి వాడికోసం ప్రత్యేకంగా ఏమీ చెయ్యలేదు. రోజూ చేసే పనే చేసింది.

పుర్రె భళ్ళున పగిలింది. ఎనిమిది మేకులూ ఒక్కసారిగా ఊడి నీళ్ళలో పడ్డాయి. పేరయ్య తల నీళ్ళలోకి దిగింది... చేతివేళ్ళు అంచును గీరాయి... ఆ తరువాత ఎర్రటి బుడగలు. నీళ్ళు మళ్ళీ గోరువెచ్చగా, తేటగా అయిపోయాయి.

సిలార్ లంగరు తాడును కత్తితో కోసేసి, "యా అల్లా, యా అల్లా" అంటూ ఇంజను వేశాడు. పడవ రేవు వైపు పరుగెత్తింది.

లక్ష్మీదుర్గ మెల్లగా జుట్టు ముడేసుకుంది. దోసిట్లో నీళ్ళు తీసుకుని ముఖం కడుక్కుంది. మాఘమాసం తరువాత మొదటిసారి సొంత గొంతుతో దగ్గింది. త్రినాథ్ పొర్లుకుంటూ వచ్చి ఆమె పాదాలు పట్టుకుని భోరుమన్నాడు.

"దుర్గా! బతికావే... నా తల్లే! నాకు దక్కావే!"

ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"లోపల నాకంతా వినబడతానే ఉందయ్యా" అంది. "నన్ను బలి అన్నాడు వాడు. నువ్వూ విన్నావు. సగం లేచావు... మళ్ళా కూర్చున్నావు."

"నోరు తెరిస్తే రక్తం కక్కుకుని చస్తారన్నాడే..."

"ఎవురు చస్తారని? నేనా, నువ్వా?"

ఇన్ని నెలలుగా ఆ ఇంట్లో మగగొంతు విని వణికిన త్రినాథ్, ఈ మామూలు ఆడగొంతు విని అంతకన్నా ఎక్కువ వణికాడు.

లక్ష్మీదుర్గ లేచి, అతన్ని దాటుకుని వెళ్ళి సిలార్ పక్కన నిలబడింది.

"అన్నా, రేవులో నన్ను ముందు దించు" అంది. "రేపల్లె బస్సెక్కి మా అమ్మగారింటికి పోతా. ఒక్కదాన్నే పోతా."