చనిపోయినవాళ్ల హాజరు

"ఎనిమిది మంది," అన్నాడు సేనాని బర్దాస్. "నా దళంలో ఎనిమిది మంది సరిహద్దు అవతలి ఎమీరు మనుషులు చేరారు. ఎవరో తెలీదు. శనివారంలోగా నువ్వు తేల్చాలి."

నికోన్ తల ఊపాడు. రాజధాని నుంచి కప్పడోకియా రాష్ట్రానికి వచ్చిన ఏజెంట్ అతను. ఈసారి వేషం కొవ్వొత్తులమ్ముకునేవాడిది. భుజాన మైనం మూట, గడ్డానికి బూడిద, ఎడమ కాలు కుంటి.

"శనివారం ఏముంది దొరా?"

"ఎమీరు గుర్రాలు కనుమ దాటతాయి. కొండ మీద మనవాళ్లు పొగ పెట్టాలి. ఇక్కడ పొగ లేవకపోతే వెనకున్న పన్నెండు కొండల మీదా లేవదు. ఊళ్లకి ఊళ్లు ఏమరుపాటులో ఉండగానే తెగిపోతాయి."

"కొండ మీద కాపలా ఎవరు?"

"రోజుకి ఎనిమిది మంది. శనివారం జాబితా నేనే రాశాను, అందరూ నా చేతుల్లో పెరిగినవాళ్లే. అయినా భయంగా ఉంది. ఇంటి దొంగని దేవుడైనా పట్టలేడు."

"ఈ కబురు తెచ్చిందెవరు?"

"ఆంథూసా. వాళ్లకీ పనిచేస్తుంది, మనకీ పనిచేస్తుంది."

"నమ్మొచ్చా?"

"రోజుని బట్టి," అన్నాడు బర్దాస్.

ఆ మధ్యాహ్నమే కోట వాకిట్లో ఆంథూసా కనిపించింది. మేకలూ బురదా తప్ప మరేమీ లేని ఆ కొండ ఊళ్లో ఆకుపచ్చ పట్టు కట్టి, పన్నీరు వాసనతో దర్జాగా నడిచి వచ్చింది.

"నీ కొవ్వొత్తులు గాలికి నిలుస్తాయా?"

"పట్టుకున్న చేతిని బట్టమ్మా." కోడ్ కుదిరింది.

ఆమె కొవ్వొత్తులు ఏరుతున్నట్టు వంగింది. "ఆ ఎనిమిది మందీ మీ ప్రార్థనలన్నీ బట్టీ పట్టారు. పంది మాంసం కూడా తింటున్నారు, పాపం. పేర్లు మాత్రం నాకూ చెప్పలేదు. రేపు హాజరు పిలుస్తారు, చెవులు రిక్కించుకుని విను." ఒక కొవ్వొత్తి తీసుకుని, నచ్చలేదన్నట్టు తిరిగి పడేసి వెళ్లిపోయింది.

మర్నాడు ఉదయం మైదానంలో రెండు వందల మంది బారులు తీరారు. గుమాస్తా పేర్లు చదువుతున్నాడు.

"పావ్లోస్ కొడుకు లియోన్."

"ఉన్నాను."

నికోన్ చేతిలోని మైనం జారిపడింది. రెండేళ్ల కిందట ఎర్రవాగు ఒడ్డున ఆ లియోన్ శవానికి కళ్లు మూసింది తనే. ఆ తర్వాత మరో ఆరు పేర్లు వచ్చాయి. ఏడుగురూ ఒకే కుండలో గంజి తాగినవాళ్లు, ఒకే తెల్లవారుజామున గొంతులు తెగి పడినవాళ్లు. ఒక్కో పేరుకీ వరసలోంచి ఒక్కో గొంతు పలికింది.

"మిరోన్ కొడుకు కోస్మాస్."

"ఉన్నాను," అంది హుషారైన గొంతు ఒకటి.

అప్పటికే నికోన్ నోరు తెరిచాడు, పలకబోయి ఆగాడు. ఆ పేరు అతనిదే.

రెండేళ్ల కిందటి ఆ రాత్రి వాగు దగ్గర కాపలా వంతు అతనిది. నిద్రపోయాడు. కేకలకి లేచి రెల్లు గడ్డిలో నక్కాడు. తెల్లారాక ఏడుగురి కళ్లూ మూసి, పూడ్చకుండానే పారిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. పేరు మార్చుకుని రాజధాని చేరాడు. ఇక్కడి పట్టీలో ఆ ఎనిమిది మందీ తప్పిపోయినవాళ్లుగానే మిగిలారు. ఏడాది తర్వాత ఖైదీల మార్పిడిలో ఎనిమిది బక్క మనుషులు ఆ పేర్లు చెప్పుకుని వచ్చారు. అదే వాగు గట్టున పాత దళం దాదాపు అంతా పోయింది, బర్దాస్ ఆ తర్వాత తనవాళ్లతో వచ్చినవాడు, ముఖాలు గుర్తుపట్టేవాళ్లు లేరు. తల్లులు మావాళ్లే అన్నారు. ఇక అడిగేదెవరు?

లియోన్ తల్లి జోయీ ఇంటికి కొవ్వొత్తుల నెపంతో వెళ్లాడు. ఆమె పోయినవాళ్ల పేరిట పట్టే పళ్లేనికి గోధుమలు నానబోస్తోంది.

"ఆత్మల శనివారానికి ఎన్ని కావాలి పెద్దమ్మా?"

"మూడియ్యి."

"ముగ్గురా?"

"మా ఆయన ఒకడు." మిగిలిన ఇద్దరి మాట ఎత్తలేదు.

"కొడుకు తిరిగొచ్చాడటగా. అదృష్టవంతురాలివి."

"వచ్చాడు. రొట్టె పెడుతున్నా. ఇంటి నుంచి ఒకడు సైన్యానికి వెళ్తేనే కదా పొలం ఉంచుతారు. నువ్వు కొవ్వొత్తులియ్యి నాయనా, కబుర్లెందుకు?"

ఆమెకి తెలుసని అతనికి అర్థమైంది. బర్దాస్‌కి చెబితే అక్కడికక్కడే తేలిపోతుంది, కానీ ఎలా తెలుసని అడుగుతాడు. ఆ ఒక్క జవాబుకి నికోన్‌కి నోరు రాలేదు. చివరికి ఎనిమిది పేర్లూ చీటీ మీద రాసి, చనిపోయినవాళ్ల పేర్లు వేసే గుడి బుట్టలో పడేశాడు. పిరికివాడికి దొరికే దారి అదే.

శనివారం గుడి కిక్కిరిసింది. పూజారి పేరు చదవగానే ఆ ఇంటివాళ్లు గోధుమల పళ్లెం పట్టుకుని లేవాలి, అది అక్కడి ఆచారం.

"పావ్లోస్ కొడుకు లియోన్ ఆత్మకు..."

తలలన్నీ జోయీ వైపు తిరిగాయి. జోయీ కూర్చునే ఉంటే పొలం దక్కుతుంది. ఆమె రెండు ఊపిరులు తీసి లేచింది. తర్వాతి పేరుకి ఇంకో తల్లి లేచింది, ఆ తర్వాత ఇంకొకతె. ఎనిమిదో పేరుకి ఎవరూ లేవరని నికోన్ తల దించుకున్నాడు.

"వాడికి దిక్కెవరూ లేరు," అంది జోయీ, పక్కనున్న రెండో పళ్లెం కూడా ఎత్తి. "మావాడి స్నేహితుడు. వాడికీ నేనే వండాను."

బర్దాస్ ముందుకొచ్చాడు. "మీ కొడుకులు దళంలో ఉన్నారు కదమ్మా?"

"మా కొడుకులు పోయారు దొరా. ఆ వచ్చేవాళ్లు మా ఇళ్లలో తిని పోతారు, అంతే."

వెనక నుంచి ఒక సైనికుడు గొణిగాడు. "దొరా, ఈరోజు కొండ మీద నా వంతు. మా నాన్నకి పళ్లెం పట్టాలని... నా బదులు కోస్మాస్ వెళ్తానన్నాడు. కాదనలేకపోయాను." మరో ఏడుగురు తలలు వంచుకున్నారు. పోయినవాళ్ల కోసం వంతు మార్చుకుంటానంటే ఆ నేల మీద ఎవరూ కాదనరు. ఇప్పుడు కొండ మీద ఉన్నది ఆ ఎనిమిది మంది దొంగపేర్లవాళ్లే.

"వీళ్లు చచ్చారని చూసిందెవరు?" బర్దాస్ అరిచాడు. "సాక్షి లేకుండా నా సైనికుల మీద కత్తి ఎత్తమంటారా? చీటీ రాసిందెవడు?"

నికోన్ కుంటడం మానేసి నడిచి వచ్చాడు. "నేను. మిరోన్ కొడుకు కోస్మాస్‌ని. ఆ రాత్రి కాపలాలో నిద్రపోయింది నేనే."

జోయీ వైపు చూసే ధైర్యం లేక, కొండ వైపు పరుగెత్తాడు. బర్దాస్ మనుషులు వెంట పడ్డారు.

కొండ మీద నీటి గడియారం చుక్కలు రాలుస్తోంది. మూడో గంటలో పొగ లేస్తే శత్రువు వచ్చాడని. నాలుగో గంటలో లేస్తే దానికి వేరే అర్థం. మూడో గంట ముగిసే గీతకి నీళ్లు వేలెడు దూరంలో ఉన్నాయి. కింద కనుమలో దుమ్ము రేగుతోంది. ఏడుగురు బర్దాస్ మనుషుల కత్తులకి దొరికారు. ఎనిమిదోవాడు, హాజరులో కోస్మాస్ అని పలికినవాడు, కట్టెల ముందు నిలబడ్డాడు. "ఆ పేరు నాది," అన్నాడు నికోన్.

"అసలువాడివి నువ్వేనా?" అని నవ్వాడు. "ఏడాదిగా నీ కోసం ఒక్కరూ రాలేదు. ఇంత ఖాళీ ఇల్లు నాకెక్కడా దొరకలేదు."

కోస్మాస్ కట్టెల వైపు దూకాడు. వాడి కత్తి భుజం చీల్చినా ఆగకుండా వాడిని పక్కకి తోసి, పక్కనే వెలుగుతున్న కాగడా తీసి కట్టెల్లోకి విసిరాడు. పొగ లేచింది. నీళ్లు గీతని తాకేలోపే ఎదుటి కొండ మీదా లేచింది. కనుమలో గుర్రాలు వెనక్కి తిరిగాయి. ఆంథూసా మాత్రం ఎవరికీ దొరకలేదు. ఇప్పటికీ రెండు పక్షాలూ వెతుకుతున్నాయి.

సాయంత్రం బర్దాస్ తీర్పు చెప్పాడు. "కోస్మాస్ పేరు గుడిలో చదివేశారు. చచ్చినవాడిని శిక్షించలేను. పట్టీలో లియోన్ పేరు మాత్రం నేను కొట్టెయ్యను, ఇకనుంచి దానికి నువ్వు పలుకు. నీకు దెబ్బలు తప్పుతాయి, ఆవిడకి పొలం ఉంటుంది."

కోస్మాస్ ఒప్పుకునేవాడే. జోయీ అడ్డు పడింది.

"వద్దు దొరా. ఆ పేరుకి ఎవడో పలుకుతుంటే ఏడాది రొట్టె పెట్టాను. ఇక చాలు. వీడు మా పొలం తరఫున వీడి పేరుతోనే నిలబడతాడు. దెబ్బలూ ఆ పేరుతోనే తింటాడు."

ముప్పై కొరడా దెబ్బలు పడ్డాయి. జోయీ అతన్ని ఇంటికి తీసుకెళ్లి బోర్లా పడుకోబెట్టి, వీపుకి నూనె రాసింది. అతను మూలిగాడు.

"మా లియోన్ అయితే కొరడా ఎత్తకముందే ఊరంతా వినేలా అరిచేవాడు," అంది.

"పెద్దమ్మా, ఆ రాత్రి నేను..."

"నిద్రపో," అంది జోయీ, దీపం దగ్గరికి జరిగి కూర్చుంటూ. "కాపలా నేనుంటాలే."