ఎర తప్పు

2078లో విజయనగరంలో ఒంట్లో బాగోలేకపోతే డాక్టరు కోసం ఎవరూ ఎదురుచూడరు. గోడకున్న పలక మీద వేలు పెడితే చాలు, 'నాడి' అనే కృత్రిమ మేధ నాలుగు ప్రశ్నలడిగి, రక్తం చూసి మందు రాసేస్తుంది. అయితే ఆ చీటీ మీద మనిషి డాక్టరు సంతకం పడేదాకా చుక్క మందు బయటికి రాదు. అది మెలకువ చట్టం.

సంతకం పెట్టేవాళ్లకు శిక్షణలో ఇంకో మాట చెబుతారు. అప్పుడప్పుడూ నాడి కావాలనే చీటీలో ఓ 'ఎర తప్పు' పెడుతుంది. చూడకుండా గీకేస్తే లైసెన్సు రద్దు. పక్క జిల్లాలో ఇద్దరివి పోయాయట. డాక్టర్ పైడిశ్రీకి ఆ 'అట' అంటేనే హడల్. అందుకే ప్రతి చీటీనీ బియ్యంలో రాళ్లు ఏరినట్టు చదివేది.

ఆ ఉదయం డెబ్బై ఏళ్ల హాసినమ్మ చీటీ వచ్చింది. షుగరు మనిషి. మధ్యాహ్న భోజనానికి ముందు పద్దెనిమిది యూనిట్ల ఇన్సులిన్. లెక్కంతా సరిగ్గానే ఉంది. కానీ పైడిశ్రీ చెయ్యి ఆగింది. ఇవాళ కార్తీక సోమవారం కదా! వెంటనే పలకలోంచే ఆవిణ్ని పలకరించింది.

"మామ్మా, ఈవేళ ఉపవాసమేటి?"

"అవును తల్లీ. చుక్కల్ని చూసీదాకా నోట్లో ఏటీ ఎయ్యను."

"మరి మధ్యాహ్నం తింటానని నాడికి చెప్పావేం?"

"మిషనుకి మొక్కులేటి తెలుస్తాయి? తిడతాదని బయమేసింది."

ఖాళీ కడుపున ఆ మోతాదు పడి ఉంటే ముసలావిడ చుక్కలు చూసేదే కాదు. పైడిశ్రీ చీటీ కొట్టేసి, "కార్తీకం తెలియనట్టు నటిస్తావా? దొరికింది నీ ఎర!" అంది గర్వంగా. నాడి ఎప్పటిలాగే, "సవరించాను, ధన్యవాదాలు" అని ఊరుకుంది.

వారం తిరక్కుండా ఆరోగ్య శాఖ కమిషనర్ నీలాద్రిగారు వచ్చి, హాసినమ్మ చేతనే పైడిశ్రీకి శాలువా కప్పించారు. హాలంతా ఒకటే చప్పట్లు. ఆనందంతో పైడిశ్రీకి కళ్లు చెమర్చాయి. తర్వాత ఆయన ఆమెను పక్కకు పిలిచారు.

"నిన్ను పర్యవేక్షణ మండలిలోకి తీసుకుంటున్నాం కాబట్టి చెబుతున్నానమ్మా. పదకొండేళ్లలో మీరంతా పట్టుకున్న నాలుగు వేల తప్పులూ నిజమైనవే. నాలుగు వేల ప్రాణాలు! ఎర ఒక్కటీ వెయ్యలేదు. రోగి మందులో కావాలని తప్పు పెడితే ఏ చట్టం ఒప్పుకుంటుంది?"

"మరి పోయిన లైసెన్సులు?"

"పుకార్లు. మేమే పుట్టించాం. ఊరికే చదవమంటే చదివేవారా?"

పైడిశ్రీ ఉప్పొంగిపోతూ తన కుర్చీలోకి వచ్చింది. తర్వాతి చీటీ తెరిచింది. రెండు వరుసలు చదివేసరికి ఆమె చెయ్యి దానంతటదే సంతకం దగ్గరికి వెళ్లిపోయింది. ఉలిక్కిపడి వెనక్కి లాక్కుంది.

"నాడీ, నాకొక్కదానికి నిజంగానే ఎర వెయ్యి."

"చట్టం ఒప్పుకోదు డాక్టరుగారూ."

"పోనీ, వేస్తున్నానని అబద్ధమైనా చెప్పు."

"అబద్ధమాడటం నాకు నిషేధం. అందుకే ఆ పని మనుషులకు అప్పగించారు."

పైడిశ్రీ పకపకా నవ్వేసి, చీటీని మళ్లీ మొదటి నుంచి చదవసాగింది.