రానూపోనూ మూడేసి గంటలు

పదకొండు ఇరవైకి ఎగరవలసిన విమానం పన్నెండుకు పావుగంట తక్కువైనా కదలలేదు. విమానాశ్రయం మేడమీది గదిలో ఏజెంట్ కొలబద్ద కిటికీలోంచి దాన్నే చూస్తున్నాడు. కొలవనిదే దేన్నీ నమ్మడని ఆఫీసు పెట్టిన పేరది. విమానంలో నూట అరవైమంది ఉన్నారు. వాళ్ళలో ఒకడు అతని బావమరిది, గూఢచారి శాఖ కొరియర్. అతని ఒడిలో సీలు వేసిన పెట్టె ఉంది.

ఆ పెట్టె తెచ్చిన సుందరి ఎదురుగా కూర్చుని ఉంది. విదేశీ ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్ అని పక్కనే కూర్చున్న చీఫ్ నమ్మకం.

"గొడుగు తెచ్చారా?" అన్నాడు కొలబద్ద.

"వాన కోసం కాదు, ఎండ కోసం."

పెట్టె తీసుకున్నప్పటిలాగే కోడ్ మళ్ళీ సరిపోయింది.

"పెట్టెలో ముఠా నాయకుల ఫిల్ము ఉంది. వెలుతురు తగలకూడదు, ఎక్స్‌రే అసలే తగలకూడదు. రాజధాని లాబ్‌లోనే తెరవాలి," అందామె. "నేనిక వెళ్ళనా?"

"ప్రయాణం ఎలా సాగింది?"

"తీరనగరం ఎంతని? రెండువేల నాలుగువందల కిలోమీటర్లు. నిన్న వెళ్ళాను, ఇవాళ వచ్చాను. రానూపోనూ మూడేసి గంటలు."

కొలబద్ద వేళ్ళమీద లెక్కపెట్టడం చూసి చీఫ్ విసుక్కున్నాడు. "గంటకు ఎనిమిది వందల చొప్పున మూడు గంటలే కదయ్యా. లెక్క తప్పిందా?"

"తప్పలేదు సార్. అదే నా బాధ. తీరనగరం మనకు తూర్పున ఉంది. పైన పడమటిగాలి. పోయేటప్పుడు వీపు తడుతుంది, రెండు గంటల నలభై నిమిషాలు. వచ్చేటప్పుడు ఎదురు తంతుంది, దాదాపు మూడున్నర. ఈవిడ కాగితంమీద ప్రయాణం చేశారు."

"గాలికబురు పట్టుకుని విమానం ఖాళీ చేయించమంటావా?"

"గాలి చెప్పిన కబురే సార్."

సుందరి నవ్వింది. కానీ కళ్ళు గోడగడియారంమీదికి వెళ్ళాయి. పని ముగిసిన మనిషికి గడియారంతో ఏం పని? కొలబద్ద తలుపు దగ్గరి గార్డుకు ఆమెను చూపించి మెట్లమీదికి దూకాడు.

విమానంలో బావమరిది పెట్టెను వదలలేదు. "సంతకం లేకుండా ఇవ్వకూడదు బావా."

"బతికుంటే రెండు పెడతాను, ఇటివ్వు."

రన్‌వే పక్కన ఇసుకబస్తాల మధ్య విమానాశ్రయం బాంబు నిపుణుడు పెట్టె విప్పాడు. ఫిల్ము లేదు. ఉన్నవి ఒక గడియారం, నాలుగు తీగలు, మైనంలాంటి ఒక పేలుడుముద్ద. అతను తీగ తెంపేసరికి పన్నెండుకు ఏడు సెకన్లుంది.

చీఫ్ ఆయాసపడుతూ వచ్చి ఆగిన ముల్లును చూశాడు. "విమానం ఇక్కడే ఉంది కదయ్యా. పన్నెండుకే ఎందుకు పెట్టినట్టు?"

"పదకొండు ఇరవైకి ఎగిరితే పన్నెండుకు మబ్బుల్లో ఉండాలి కదా సార్. టైంటేబుల్‌ను అక్షరాలా నమ్మారు." కొలబద్ద బావమరిది చాచిన రసీదుమీద ఓపిగ్గా రెండుసార్లు సంతకం పెట్టాడు. "వాళ్ళు పరాయిదేశంవాళ్ళనడానికి ఇంకే సాక్ష్యం కావాలి?"