మూడో మోటారు

కాలిన మోటారు కంపు హిమజకు కొత్త కాదు. కానీ అలాంటి మోటారును గోనెసంచిలో చుట్టి తెచ్చి, సరిగ్గా తన టీ గ్లాసు పక్కన దించిన మొనగాణ్ణి చూడటం మాత్రం అదే మొదటిసారి.

"ఇది రెండోది మేడమ్. నెల కూడా కాలేదు. అసలుదే అమ్ముతాండారా, డూప్లికేటా?"

అంగడిలో ఉన్న నలుగురూ తిరిగి చూశారు. బళ్లారి సత్యనారాయణపేటలో చెన్నకేశవులు మోటార్ల అంగడి పెట్టి ముప్పై ఏళ్లయింది. ఆ గడప లోపల డూప్లికేటు అన్న మాట ఎవరూ అనలేదు. చెన్నకేశవులు కూతురు హిమజకు ఒళ్లు మండింది.

"మీ బావి లోతుకు తగ్గదే ఇచ్చినా. కాలిందంటే కరెంటు తేడా ఉండాది."

"తోరణగల్లు ఉక్కు ప్లాంటులో ఎలక్ట్రికల్ పని చేస్తాండా నేను. నాకే కరెంటు నేర్పిస్తారా?"

"ప్లాంటులో మోటారు కాలితే ఏ అంగడికి పోయి అరుస్తారప్పా?"

అతనికి నవ్వు రాబోయి మీసం కింద ఆగిపోయింది. పేరు మాధవ, ఊరు దేశనూరు. గ్యారంటీ ఉంది కాబట్టి మూడో మోటారు ఇవ్వక తప్పదు.

అతను వెళ్లాక చెన్నకేశవులు కూతురి వైపు తిరిగాడు. ఆడపిల్లను అంగట్లో కూర్చోబెట్టాడని రెండేళ్లుగా బంధువులు దెప్పుతూనే ఉన్నారు. ఆయన అన్న కొడుకు కేశవ ఆ కుర్చీ కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్నాడు.

"మూడోది కూడా వెనక్కొస్తే, కుర్చీలో కేశవ కూర్చుంటాడు," అన్నాడాయన.

ఆదివారం హిమజ మెకానిక్కు తాయప్పను వెంటబెట్టుకుని తానే దేశనూరు వెళ్లింది. మాధవ తల్లి రామక్క మజ్జిగ ఇచ్చింది. గ్లాసు అందిస్తున్న ఆమె అరచేతుల నిండా బొబ్బలే. వారం నుండి చేంతాడుతో నీళ్లు తోడుతోందట. దారి పొడుగునా దాచుకొచ్చిన కోపం ఆ చేతులు చూడగానే చల్లారిపోయింది.

తాయప్ప మోటారు బిగించాడు. హిమజ మీటరు పెట్టి చూస్తే నూట ముప్పై వోల్టులు. నాట్ల కాలం, పొలాల్లో మోటార్లన్నీ ఒకేసారి కరెంటు లాగుతున్నాయి మరి.

"నూట ముప్పైలో ఇది తిరగదు. ఇన్నాళ్లూ ఎట్ల తిప్పినారు?"

పంచలో బోర్డు పక్కన ఉన్న, ఫేజు మార్చే పాత పిడిని మాధవ పైకెత్తాడు. మోటారుకు ఒక ఫేజు బదులు రెండు ఫేజుల కరెంటు కలిసింది. మీటరు రెండు వందల ఇరవై ఐదు చూపించింది.

"మా నాయన పెట్టించింది. ఊరంతా ఇంతే."

హిమజ మోటారు వేయమంది, అతని చెయ్యి మాత్రం స్విచ్చి మీద నుండి తీయొద్దంది.

నీళ్లు తొట్టిలో దబదబా పడుతున్నాయి. బోర్డు ముందు ఇద్దరికీ చాలినంత చోటు లేదు. అతని భుజం తగిలితే ఆమె జరగలేదు, మీటరు మీద నుండి కళ్లు తిప్పకూడదని తనకు తాను చెప్పుకుంది. అంతలో వాన మొదలైంది. ఎవరి పొలంలో వాళ్లు మోటార్లు ఆపడం మొదలుపెట్టారు.

లాగేవాళ్లు తగ్గేకొద్దీ మీటరు పైకెక్కింది. రెండు వందల యాభై. రెండు వందల ఎనభై.

"ఆపు," అంది హిమజ.

"ఇంకొంచెం చూద్దాం. కాలితే నాదే పూచీ."

"మోటారుకు నువ్వు పూచీ. నా కుర్చీకి ఎవరప్పా పూచీ? ఇది కాలిందంటే రేపటి నుంచి నాకు అంగడి లేదు."

అతను ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. మీటరు మూడు వందల ఇరవై దాటింది, మోటారు మూలుగు మారింది. చటుక్కున స్విచ్చి ఆపాడు. రెండు మోటార్లూ ఎందుకు కాలాయో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

కానీ హిమజకు తన తప్పూ కనిపించింది. బావి లోతు అడిగింది, ఇంటి వోల్టేజి అడగలేదు. ఆ మోటారును వెనక్కి తెచ్చి, నూట ఇరవై నుండి రెండు వందల నలభై దాకా తట్టుకునేదాన్ని మర్నాడే పంపించింది. ఇకమీదట ఒక్క ఫేజు మీదే నడపమని గట్టిగా చెప్పించింది.

తండ్రికి తన తప్పు తాను చెప్పింది. మాధవ తప్పు మాధవే చెప్పుకోవాలని ఊరుకుంది. మూడోది కూడా వెనక్కొచ్చింది కాబట్టి కేశవ కుర్చీ ఎక్కాడు.

ఆ వారమంతా మాధవ తోరణగల్లు నుండి రోజూ ఫోను చేశాడు. కొత్త మోటారుతో పాటు హిమజ పంపిన మీటరు చూసి అమ్మ చెప్పిన అంకె, హిమజకు చెప్పడం అతని పని. ఈ రోజు నూట నలభై, ఈ రోజు నూట యాభై. అంకె చెప్పడానికి మొదటి రోజు ఒక నిమిషం పట్టింది, ఐదో రోజు గంట పట్టింది. ఆరో రోజు, అంగట్లో ఎవరూ లేరా, ఇంత తీరిగ్గా మాట్లాడుతున్నావని అడిగాడు. తాను ఇంట్లోనే ఉంటున్నానని హిమజ చెప్పక తప్పలేదు. అతను వెంటనే ఫోను పెట్టేశాడు.

మర్నాడు చెన్నకేశవులు ఆమెను అంగడికి పిలిపించాడు. వెళ్లి చూస్తే కౌంటరు మీద దేశనూరు ఇంట్లోని ఆ పాత పిడి, దాని పక్కన తలవంచుకుని మాధవ.

"రెండూ కాల్చింది నేనే సార్. నలుగురి ముందర డూప్లికేటు అన్నా. నలుగురి ముందరే చెప్పల్లని వచ్చినా."

చెన్నకేశవులు పిడిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "కేశవా, దిగప్పా," అన్నాడు.

హిమజ తన కుర్చీలో కూర్చుంది. కళ్లు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడలేదు. మాధవ మాత్రం కదలడం లేదు. ఇంకేం కావాలని చెన్నకేశవులు అడిగాడు.

"మా అమ్మ హిమజను పెళ్లికి అడిగి రమ్మనింది. నేనూ అదే అడుగుతాండా."

ఆమెకు సంతోషం పొంగింది, అంతలోనే దూరం గుర్తొచ్చింది. దేశనూరు నుండి రోజూ ఈ అంగడికి ఎవరు రాగలరు?

"మళ్లీ నేను ఈ కుర్చీ దిగల్లనా?"

"దిగొద్దు. కంపెనీ బస్సు ఈ వీధి చివర్లోనే ఆగతాది. ఈడనే బావి ఉండే ఇల్లు చూస్తాండా."

చెన్నకేశవులు ఇంకో టీ గ్లాసు తెప్పించి మాధవ ముందుకు జరిపాడు. ఆ వీధిలో ఆయన దీవెన అంటే అదే.

హిమజ తలెత్తి, కొనడానికి వచ్చినవాణ్ణి చూసినట్టే అతన్ని చూసింది.

"బావి సరే. ఆ ఇంట్లో వోల్టేజి ఎంత?"