రెక్కల లెక్క

గుంటూరులో బయల్దేరి నంద్యాల దాకా ఆగకుండా నడిపిన కారును దస్తగిరి ఓ టీ కొట్టు ముందు ఆపాడు. అలవాటు చొప్పున సీటు కింద నుంచి తడిగుడ్డ తీశాడు. ముందు అద్దం దగ్గరికి వెళ్లి, కాసేపు చూసి, గుడ్డను మళ్లీ లోపలికి విసిరేశాడు.

"ఏమైంది?" అని అడిగింది వకుళ.

"తుడవడానికేముంది మేడమ్, దుమ్ము తప్ప? నేను స్టీరింగు పట్టిన కొత్తలో వానాకాలం సాయంత్రం ఈ దారిన వస్తే ముందేముందో కనిపించేది కాదు. వైపర్ వేస్తే ఇంకా పులుముకునేది. ఉసిళ్లు, మిడతలు, దీపపు పురుగులు... గోళ్లతో గీకి తీసేవాళ్లం. పురుగుల్ని తిట్టుకోని డ్రైవర్ లేడనుకోండి."

"ఎప్పట్నుంచి తగ్గాయి?"

"అదే తెలీదు. అద్దం మురికైతే తెలుస్తుంది గానీ, శుభ్రంగా ఉంటే ఎవరు పట్టించుకుంటారు?"

వకుళ కీటక శాస్త్రవేత్త. పురుగులు తగ్గిపోతున్నాయని ఆమె చాలా ఏళ్లుగా చెబుతూనే ఉంది. ఎన్ని తగ్గాయో, ఎక్కడ తగ్గాయో చెప్పమంటే మాత్రం ఆమె దగ్గర జవాబు ఉండేది కాదు. ఆ జవాబు కోసమే ఆమె ఒక యంత్రం తయారుచేసింది.

ఆ యంత్రం సంగతి కాస్త చెప్పుకోవాలి. చూడ్డానికి సబ్బు పెట్టెంత ఉంటుంది. కారు పైకప్పు మీద బిగిస్తారు. ప్రతి పురుగూ రెక్కలాడించే వేగం వేరు. అందుకే దోమ కూత వేరు, తేనెటీగ రొద వేరు, తూనీగ చప్పుడు వేరు. పరుగెత్తే కారులో మనిషి చెవికి అవేవీ ఆనవు. పెట్టెలోని మైక్రోఫోన్లు ఇంజిన్ మోతనూ గాలి హోరునూ పక్కకు నెట్టి, రెక్కల చప్పుడును మాత్రమే పట్టుకుంటాయి. ఏ పురుగో గుర్తుపట్టి, అది వినిపించిన చోట మ్యాప్ మీద ఒక ఆకుపచ్చ చుక్క పెడతాయి. కారు అద్దానికి తగిలి చచ్చినా, తప్పించుకుని ఎగిరిపోయినా లెక్కలో పడుతుంది. చివరికి రాష్ట్రం మొత్తానికి ఒకే సంఖ్య వస్తుంది: కిలోమీటరు ప్రయాణానికి సగటున ఎన్ని పురుగులు.

జనం ఆ పెట్టెను ఇష్టంగా బిగించుకున్నారు. టాక్సీలు, పాల వ్యాన్లు, పెళ్లి బస్సులు కూడా రెక్కల కోసం చెవులు రిక్కించాయి. చుక్కలు చాలా తక్కువగా పడ్డాయి. పడ్డవి కూడా క్రమంగా ఆరిపోతూ వచ్చాయి. ఆ సంఖ్య చూసి ప్రభుత్వం బెదిరిపోయి ఘాటైన పురుగుమందులన్నిటినీ నిషేధించింది. వకుళ జీవితంలో గెలిచిన గెలుపు అదొక్కటే. నిషేధం వచ్చాక కూడా సంఖ్య దిగుతూనే ఉంది. మందు ఆపినంత మాత్రాన పురుగు పుట్టదు. పుట్టించడానికి ఎక్కడో కొన్ని పురుగులు మిగిలి ఉండాలి.

ఆ మిగిలినవాటిని వెతుక్కుంటూనే ఆమె దస్తగిరి కారులో ఊళ్లు తిరుగుతోంది. ఈసారి నల్లమలలోని బొగరవాగుకు బయల్దేరింది. ఎప్పుడో వరదకు కొట్టుకుపోయిన ఆ ఘాట్ రోడ్డును ఈమధ్యే మళ్లీ వేశారు. ఇంతవరకూ పెట్టె బిగించిన బండి ఏదీ అటు పోలేదు.

రెండో మలుపు దాటగానే కారు మీది పెట్టె టిక్కుమంది. మళ్లీ టిక్కుమంది. ఆ తర్వాత పెనంలో ఆవాలు చిటపటలాడినట్టు ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. స్క్రీన్ మీద రోడ్డంతా పచ్చబడింది.

"ఆపు! కారాపు దస్తగిరీ!"

ఆమె దిగి పరుగెత్తింది. రోడ్డు పక్క బీర పందిరి మీద పసుపుపచ్చ పూలు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి. వాటి చుట్టూ బూడిదరంగు దీపపు పురుగులు గుంపులుగా ముసిరి ఉన్నాయి. పైన తూనీగలు. పొద కింద ఒక మిణుగురు, చీకటి పడకముందే తొందరపడి వెలిగింది. వకుళకు కళ్లు మసకబారాయి.

పందిరి కింద కలుపు తీస్తున్న నాగులమ్మ నడుం ఎత్తి చూసింది. "ఏం చూస్తున్నావమ్మా అట్టా?"

"పురుగుల్ని చూస్తున్నా పెద్దమ్మా."

"పురుగులకేం కరువు? అన్నంలో పడి చస్తుంటాయి." నాగులమ్మ నవ్వింది.

ఆ నవ్వుకు వకుళ కూడా నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో దస్తగిరికి గుర్తులేదు.

మ్యాప్ అందరికీ కనిపించాలని మొదట్లో పట్టుబట్టింది వకుళే. బండ్లు జనానివి, లెక్క కూడా జనానిదే అని ఆమె వాదన. అందుకే ఆ పచ్చని గీత ఆమె కారు కొండ దిగేలోపే రాష్ట్రమంతా చూసేసింది. చేతిలో ఫోను ఉన్న ప్రతివాడూ ఒక్కటే మాట అన్నాడు: పిల్లలకు చూపిద్దాం.

ఆదివారం సాయంత్రం వాన వెలిశాక బొగరవాగు రోడ్డు మీద కారు వెనక కారు బారులు తీరింది. వచ్చినవాళ్లలో ఒక్కడూ చెడ్డవాడు కాదు. చెత్త పారేయలేదు, పూలు కోయలేదు. పురుగుల మీద ప్రేమతో వచ్చారు. వాన తడికి పుట్టల్లోంచి ఉసిళ్లు లేచాయి. పందిళ్ల మీది దీపపు పురుగులన్నీ పూలను వదిలేసి హెడ్‌లైట్ల మీదికి వచ్చాయి.

సంగతి తెలిసి మళ్లీ కొండెక్కిన వకుళ రోడ్డుకు అడ్డంగా నిలబడింది. "లైట్లు ఆర్పండి! దయచేసి ఆర్పండి!"

ముందు కారులోని ఆయన అద్దం దించాడు. "ఘాట్ రోడ్డులో లైట్లు ఆర్పి ఎట్లా నడపమంటారండీ? వెనకంతా పిల్లలున్నారు."

"అయితే వెనక్కి తిప్పుకుని వెళ్లిపోండి. ఇవి చచ్చిపోతున్నాయి."

"తిప్పడానికి చోటేదీ?" ఆయన ఆమెను గుర్తుపట్టాడు. "మీరు వకుళగారు కదూ! మీ పుణ్యాన మా పాప మొదటిసారి పురుగులు చూసిందమ్మా. థాంక్స్."

వెనక సీట్లో పాప చప్పట్లు కొడుతోంది. అద్దం మీద వైపర్ అటూ ఇటూ కదులుతోంది, తెల్లటి జిగురు పులుముకుంటోంది. ప్రతి కారు మీదా పెట్టె చిటపటలాడుతూనే ఉంది. వకుళ పక్కకు తప్పుకుంది. ఇంకేం చేయాలో ఆమెకు తోచలేదు. దస్తగిరి వచ్చి చెయ్యి పట్టుకుని ఆమెను కారులో కూర్చోబెట్టాడు.

ప్రతి సెలవు రోజూ అంతే. వానలు వెనకబట్టేదాకా జనం వస్తూనే ఉన్నారు.

ఆ వానాకాలానికి రాష్ట్రపు సంఖ్య ముందెన్నడూ లేనంత పైకి లేచింది. వ్యవసాయ కమిషనర్ ముకుందరావు ఆమెను పిలిపించి మిఠాయి పెట్టాడు.

"పురుగులు పెరగలేదు సార్," అంది వకుళ. "మబ్బు పట్టిన ఊరికే అందరూ పరుగెత్తి, తడిసి వచ్చి, రాష్ట్రమంతా వాన పడిందన్నట్టు ఉంది ఇది. బండ్లన్నీ ఒక్క రోడ్డు మీదే తిరిగాయి. పెట్టెలు విన్నది అక్కడ చచ్చిపోతున్నవాటిని."

ముకుందరావు ఆమె మాట ఓపిగ్గా విన్నాడు. "అమ్మా, ఈ సంఖ్య లెక్కగట్టే సూత్రం రాసిందెవరు?"

"నేనే."

"సంఖ్య తగ్గిందంటే నమ్మమన్నారు, నమ్మాం. రైతుల చేత తిట్లు తిని మందులు ఆపాం. ఇప్పుడు పెరిగిందని మీ మిషనే చెబుతుంటే నమ్మొద్దంటున్నారు. రేపు అసెంబ్లీలో ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి?"

వకుళ చెప్పాల్సిందంతా అప్పటికే చెప్పేసింది. ఆయన అడిగినదాంట్లో తప్పు కూడా లేదు.

నిషేధం ఎత్తేశారు. వకుళకు సభ చేసి శాలువా కప్పారు. వేదిక మీద ఆమె నిజం చెప్పింది. వినయం అనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఇక ప్రమాదం లేదన్నారు గనక బండ్ల మీద పెట్టెలు ఒక్కొక్కటే ఊడిపోయాయి. వినేవాళ్లు లేకపోతే తగ్గడం కూడా ఎవరికీ తెలియదు.

మరుసటి వానాకాలం వకుళ దస్తగిరి కారులో మళ్లీ బొగరవాగు వెళ్లింది. ఘాట్ ఎక్కినంతసేపూ పెట్టె ఒక్కసారి కూడా పలకలేదు.

పందిరి మీద పూలు నిండుగా విచ్చుకుంటున్నాయి. నాగులమ్మ ఒక మగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, లోపలి పుప్పొడిని ఆడపువ్వుకు అద్దుతోంది. పందిరి కింద నిరుడు కలుపు పెరిగిన చోటంతా ఎండిన పిందెలు రాలి ఉన్నాయి.

"తొలి కాపంతా ఇట్టా రాలిపోయిందమ్మా," అంది నాగులమ్మ. "ఎవరో చెప్పారు, పురుగు వాలని పూలకి చేత్తో అద్దితే నిలబడతాదని. నువ్వూ పట్టు. మెల్లిగా అద్దాల. నొక్కితే పిందె పోతాది."

వకుళ ఒక పువ్వు తెంపింది. రేకులు ఒలవబోతే పుప్పొడంతా అరచేతిలో రాలిపోయింది. ఇంకోటి తెంపింది. అవతలి సాలులో దస్తగిరి చెప్పులు విడిచి పందిరి కిందికి దూరాడు. ముగ్గురూ వంగి, ఒక్కో పువ్వునూ వెతుక్కుంటూ ముందుకు కదిలారు. వాళ్లు ఒక తీగ పూర్తి చేసేలోపు పైన మరో తీగ నిండా పూలు విచ్చుకుంటున్నాయి. వెలుతురు తగ్గుతోంది. తెల్లారేసరికి ఈ పూలు వాడిపోతాయి.

"చదువుకున్నదానివి గదా తల్లీ," పందిరి అవతలి నుంచి నాగులమ్మ గొంతు వినిపించింది. "ఎన్నాళ్లు చేయాల మనం ఇట్టా?"

వకుళ ఇంకో మగపువ్వు కోసం ఆకుల్లో తడుముకుంది.